ధర్నాకు వెళ్లేముందు చేతిలో ఉండాల్సిన కాగితం

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను. గ్రూప్స్‌కు చదువుతున్న ముప్పై నలభై మంది కలిసి, నోటిఫికేషన్ల ఆలస్యంపై ఇందిరా పార్కు దగ్గర ఒకరోజు ధర్నా చేద్దామనుకున్నారు. దరఖాస్తు తీసుకెళితే స్టేషన్‌లో చదివి, తిరిగి మీ చేతిలోనే పెట్టి ‘ఇప్పుడు కుదరదు’ అన్నారు. అనుమతి ఎలాగూ రాదు కాబట్టి నేరుగా అశోక్‌నగర్ చౌరస్తాలో కూర్చుందామని మీలో కొందరు అంటున్నారు. కేసు పడితే ఉద్యోగం రాదేమోనని ఇంకొందరు వెనకాడుతున్నారు. లాఠీ దెబ్బల సంగతేమిటని ఇళ్లలో పెద్దవాళ్లు అడుగుతున్నారు.

నాంపల్లి కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. ధర్నా జరిగిన రోజు సాయంత్రం స్టేషన్ గేటు బయట నిలబడి, లోపలున్నవాళ్ల పేర్లు రాసుకోవడం నాకు అలవాటైన పని. చట్టం మీ వైపు ఎంత ఉన్నా, దాన్ని చూపించే కాగితం మీ దగ్గర లేకపోతే కోర్టులో నేను నీళ్లు నమలాల్సి వస్తుంది. మీ మొదటి పొరపాటు అక్కడే జరిగింది. తిరిగి చేతిలో పెట్టించుకున్న దరఖాస్తు ఇవ్వని దరఖాస్తుతో సమానం. రేపు హైకోర్టులో పోలీసుల తరఫు న్యాయవాది ‘వీళ్లు అసలు దరఖాస్తే చేయలేదు’ అంటే మీ దగ్గర సమాధానం ఉండదు.

హక్కు సంగతి క్లుప్తంగా చెబుతాను. భావప్రకటన స్వేచ్ఛ, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే స్వేచ్ఛ రెండూ రాజ్యాంగం 19వ అధికరణలో ఉన్నాయి. సార్వభౌమత్వం, ప్రజా శాంతి వంటి కారణాలతో వాటిపై సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని అదే అధికరణ చెబుతుంది. హైదరాబాద్‌లో ఆ ఆంక్షలకు ఆధారం నిజాం కాలంలో, 1348 ఫస్లీలో వచ్చిన నగర పోలీసు చట్టం. మన లెక్కలో అది 1938-39 ప్రాంతం. నిజాం పోయాడు, ఫస్లీ క్యాలెండర్ పోయింది, చట్టం మాత్రం కమిషనర్ ఉత్తర్వుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. సభలను, ఊరేగింపులను క్రమబద్ధం చేసే అధికారం పోలీసులకు ఉంది. అయితే క్రమబద్ధం చేయడం వేరు, పూర్తిగా మూసేయడం వేరు. అహ్మదాబాద్ పోలీసు కమిషనర్‌పై హిమ్మత్‌లాల్ షా వేసిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ తేడాను స్పష్టం చేసి యాభై ఏళ్లు దాటింది.

ఈ తేడా ఎంత దూరం వెళుతుందో ఇందిరా పార్కు చరిత్రే చెబుతుంది. 2017లో ధర్నా చౌక్‌ను అక్కడి నుంచి ఎత్తేసి, నిరసనలు నగర శివార్లలో చేసుకోమన్నారు. సచివాలయానికి వినపడాల్సిన గొంతును ఊరి బయట పొలాల్లో వినిపించుకోమంటే అది ఏ రకం స్వేచ్ఛో నాకు అర్థం కాలేదు. ఆ ఏడాది మే 15న వామపక్షాలు, ప్రజా సంఘాలు చౌక్‌ను ఆక్రమించే కార్యక్రమం పెడితే పెద్ద తోపులాట జరిగింది. చివరికి 2018 నవంబరులో హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో చౌక్ మళ్లీ తెరుచుకుంది. అదే ఏడాది జూలైలో ఢిల్లీ జంతర్ మంతర్ విషయంలో సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో తీర్పు ఇచ్చింది. చుట్టుపక్కల నివాసితుల ఇబ్బందిని పట్టించుకోవాల్సిందే, కానీ దాని కోసం నిరసనను మొత్తంగా నిషేధించకూడదని అందులో తేల్చింది. ఈ రెండు ఉత్తర్వుల వల్లే ఇవాళ మీరు ఇందిరా పార్కు పేరు రాసి దరఖాస్తు పెట్టగలుగుతున్నారు.

దరఖాస్తు మళ్లీ రాయండి. తేదీ, సమయం, మంది సంఖ్య, మైకు వివరాలు, బాధ్యత తీసుకునే ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు ఉండాలి. సంఖ్య తగ్గించి రాయకండి. యాభై అని రాసి మూడు వందల మంది వస్తే, షరతు ఉల్లంఘించారన్న మాట మీ చేతులతో మీరే రాసిచ్చినట్టవుతుంది. మైకు కావాలంటే దానికి విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. స్టేషన్‌లో ఒక కాపీ, డీసీపీ కార్యాలయంలో ఒక కాపీ ఇచ్చి, మీ దగ్గరుండే మూడో కాపీ మీద దరఖాస్తు అందినట్టు చూపే ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే వాదనకు దిగకుండా బయటికి వచ్చి అదే దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు రసీదును ఎవరూ కాదనలేరు. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. రాతపూర్వకంగా తిరస్కరించినా, ముద్ర పడిన దరఖాస్తుకు బదులు రాకపోయినా హైకోర్టులో రిట్ వేయవచ్చు. తేదీ దగ్గర పడితే లంచ్ మోషన్, అంటే అదే రోజు అత్యవసరంగా వినమని అడుగుతాం. ఇలాంటి పిటిషన్లలో న్యాయమూర్తులు ఎక్కువగా సమయం, సంఖ్య, రెచ్చగొట్టే ప్రసంగాలు ఉండకూడదన్న షరతులతో అనుమతించమని పోలీసులకు చెబుతారు. అందుకే దరఖాస్తు ఇచ్చాక కనీసం వారం పది రోజుల గడువు ఉండేలా ధర్నా తేదీ పెట్టుకోండి. రేపటి ధర్నాకు ఇవాళ రిట్ వేయమని వచ్చేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక అశోక్‌నగర్ చౌరస్తా. వద్దు. చిక్కడపల్లి లైబ్రరీ, కోచింగ్ సెంటర్లు, మెస్సులు అన్నీ అక్కడే కాబట్టి అరగంటలో వెయ్యి మంది పోగవుతారన్న ఆశ నాకు అర్థమవుతుంది. ఇబ్బంది కూడా సరిగ్గా అందులోనే ఉంది. షాహీన్ బాగ్ కేసులో 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు రోడ్లను నిరవధికంగా ఆక్రమించే హక్కు లేదని చెప్పింది. మీరు గంటసేపే కూర్చున్నా పోలీసులు అదే తీర్పు చదువుతారు. 2024 అక్టోబరులో మెయిన్స్ ఎంపిక నిబంధనలను మార్చిన జీవో 29పై గ్రూప్-1 అభ్యర్థులు అశోక్‌నగర్‌లో రోడ్డెక్కినప్పుడు లాఠీలు లేచాయి, పిల్లలు కోచింగ్ సెంటర్ల మెట్ల మీదికి పరుగెత్తారు. ఆ నెలాఖరులోనే, 27వ తేదీ నుంచి నెల రోజులపాటు, నగర కమిషనర్ భారతీయ నాగరిక సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 163వ సెక్షన్ కింద గుమిగూడటాన్ని నిషేధించారు. ఇది పాత 144వ సెక్షన్‌కు 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నంబరు. ఆ ఉత్తర్వులో మినహాయింపు పొందిన చోటు ఇందిరా పార్కు ధర్నా చౌక్. కాబట్టి ధర్నా చౌక్‌లో కూర్చున్నవాడికి, అక్కడికి కొద్ది దూరంలో చౌరస్తాలో కూర్చున్నవాడికి చట్టం ముందు చాలా తేడా ఉంటుంది. ఒక విచిత్రం చెప్పాలి: ఆ రోజుల్లోనే ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్లు, వాళ్ల భార్యలు పోలీసులందరికీ ఒకే విధానం ఉండాలని, ‘ఏక్ పోలీస్’ కోసం రోడ్డెక్కారు. లాఠీ పట్టుకున్న చేతికీ ప్లకార్డు అవసరమైన నెల అది.

163 ఉత్తర్వు ఉందని నోటితో చెబితే నమ్మకండి, కాపీ చూపించమనండి. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఉత్తర్వులను ప్రచురించాలని, న్యాయబద్ధమైన అభిప్రాయాన్ని అణచడానికి వాటిని వాడకూడదని చెప్పింది. జిల్లాల నుంచి వచ్చే మిత్రులకు ఒక మాట: మీ దగ్గర వినిపించే ‘30 యాక్ట్’ అంటే 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్. అదీ ఊరేగింపులను, సభలను క్రమబద్ధం చేయడానికి ఉద్దేశించినదే. ఆంధ్రప్రదేశ్‌లో దాని ఆధారంగా రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ తెచ్చిన జీవో 1ను అక్కడి హైకోర్టు 2023 మేలో కొట్టేసింది.

పట్టుకెళితే ఏమవుతుందన్నదే ఎక్కువమంది భయం. సాధారణంగా జరిగేది ఇది. నినాదాలు మొదలైన పావుగంటకు డీసీఎం వ్యాను వస్తుంది. ఒక్కొక్కరిని నలుగురు కానిస్టేబుళ్లు చేతులు, కాళ్లు పట్టుకుని ఎక్కిస్తారు. ఏదో ఒక స్టేషన్‌కో, మైదానానికో, ఫంక్షన్ హాలుకో తరలించి, పేరు, తండ్రి పేరు, ఫోను నంబరు రాసుకుని సాయంత్రం వదిలేస్తారు. చట్టంలో దీనికి రెండు దారులున్నాయి. పోలీసులు విచారించదగిన నేరం జరగబోతోందని నమ్మితే భారతీయ నాగరిక సురక్షా సంహిత 170వ సెక్షన్ కింద ముందస్తుగా అరెస్టు చేయవచ్చు. అయితే 24 గంటలకు మించి ఉంచకూడదు. 172వ సెక్షన్ కొత్తగా వచ్చింది. పోలీసుల చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించనివాళ్లను పక్కకు తరలించి, చిన్న విషయమైతే 24 గంటల్లోపే వీలైనంత త్వరగా వదిలేయాలని అందులో ఉంది. పాత చట్టంలో ఇలా విడిగా రాయలేదు. ఇప్పుడు వ్యాను ఎక్కించడానికి ఒక నంబరు దొరికింది.

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం నేను ఒక స్టేషన్ బయట ఉన్నాను. లోపల నలభై మందికి పైగా విద్యార్థులు. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ పేర్లన్నీ పాత డ్యూటీ చార్టు వెనకవైపు రాస్తున్నాడు. ఫ్యాను గాలికి కాగితం లేస్తుంటే మీద టీ గ్లాసు పెట్టాడు. గ్లాసు తీసేసరికి దాని కింద తడికి ఇంకు పాకి, రెండు పేర్లు చదవడానికి వీల్లేకుండా పోయాయి. రాత్రి తొమ్మిదికి అందరినీ వదిలారు, ఒక్క కుర్రాడు మాత్రం బయటికి రాలేదు. వాళ్ల అక్క నా చేయి పట్టుకుని ‘మా తమ్ముడు ఎక్కడ సార్’ అంటోంది. లోపల అడిగితే ‘ఆ పేరుతో ఎవరూ లేరు’ అన్నారు. అతను లోపలే, మెట్ల పక్క గదిలో, జ్వరంతో బల్లమీద పడుకుని ఉన్నాడు. ఎవరూ దాచలేదు, ఎవరూ కొట్టలేదు. జాబితాలో పేరు లేదు, అంతే. అప్పటినుంచి నేను చెప్పే మొదటి పని ఇదే: ధర్నాకు వచ్చినవాళ్లందరి పేర్లు, ఇంటివాళ్ల నంబర్లు ఉన్న జాబితా ఒకటి, వ్యాను ఎక్కని ఒక మనిషి దగ్గర ఉండాలి. ఆ మనిషి రోడ్డుకు అవతలివైపు నిలబడి వ్యాను నంబరు రాసుకోవాలి. నినాదాలు చేయకూడదు, వీడియోల్లో పడకూడదు. ఈ పనికి మీలో అందరికంటే నెమ్మదస్తుణ్ని ఎంచుకోండి.

లాంఛనంగా అరెస్టు చేస్తే మీకు రావాల్సినవి ఇవి. అరెస్టు చేసే అధికారి పేరు కనిపించేలా బ్యాడ్జి ఉండాలి, అరెస్టు మెమో రాసి సాక్షితో, మీతో సంతకం చేయించాలి, మీ ఇంటివాళ్లకు తెలియజేయాలి, న్యాయవాదిని కలవనివ్వాలి. అరెస్టుకు కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో పంకజ్ బన్సల్ కేసులోనూ, 2024లో ప్రబీర్ పురకాయస్థ కేసులోనూ గట్టిగా చెప్పింది. అవి వేరే చట్టాల కింద పెట్టిన కేసులు, అయినా రాజ్యాంగం 22వ అధికరణ మీకూ అదే. ప్రత్యేక పరిస్థితి ఉండి మేజిస్ట్రేటు అనుమతిస్తే తప్ప, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మహిళలను అరెస్టు చేయకూడదు. తెల్లకాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం పెట్టకండి. ‘ఫార్మాలిటీయే బాబూ, ఇంటికి పోవాలా వద్దా’ అంటారు. రాసి ఉన్నదాన్ని చదివి, చివరి వాక్యం కిందే, ఖాళీ వదలకుండా సంతకం పెట్టి తేదీ వేయండి.

గృహ నిర్బంధం గురించి కూడా చెప్పాలి. ‘చలో అసెంబ్లీ’ అనగానే నాయకుల ఇళ్ల ముందు తెల్లవారుజామునే ఇద్దరు కానిస్టేబుళ్లు కుర్చీలు వేసుకుని కూర్చోవడం మనకు మామూలైపోయింది. పత్రికలూ మామూలుగానే రాస్తాయి. ధర్నాకు వెళ్లే మనిషిని ఉత్తర్వు లేకుండా ఇంట్లోనే ఆపే ఏర్పాటు సురక్షా సంహితలో ఎక్కడా లేదు. అరెస్టు చేస్తే చేయాలి, లేకపోతే గేటు వదలాలి. మీ ఇంటి ముందు ఇలా జరిగితే గొడవ పడకండి. వచ్చిన సమయం, వెళ్లిన సమయం, వాళ్లు చెప్పిన మాట, ‘నన్ను అరెస్టు చేశారా’ అని మీరు అడిగినదానికి వచ్చిన జవాబు రాసిపెట్టుకోండి.

ఎఫ్ఐఆర్ అయితే సాధారణంగా ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 189, అంటే చట్టవిరుద్ధ సమూహం. 126, అంటే అడ్డగించడం. 223, అంటే అధికారి ఉత్తర్వును ఉల్లంఘించడం. రోడ్డు మీదైతే 285, అంటే దారికి ఆటంకం కలిగించడం, పెడతారు. ఇలాంటి ధర్నాల్లో పెట్టే ఈ భాగాలన్నీ బెయిలు ఇవ్వదగినవే. సొంత పూచీకత్తు మీద స్టేషన్‌లోనే వదలవచ్చు. 223లో ఒక కిటుకు ఉంది: ఉత్తర్వు ఇచ్చిన అధికారిగానీ ఆయన పైవారుగానీ ఆయన అధికారమిచ్చిన మరో అధికారిగానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు దాన్ని విచారణకు తీసుకోకూడదని సురక్షా సంహిత 215వ సెక్షన్ చెబుతుంది. పోలీసులు తమ చార్జిషీటుతోనే నడిపించే ఈ నేరాన్ని హైకోర్టులో కొట్టేయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పైగా ఆరు నెలల శిక్ష ఉన్న నేరాలపై ఏడాదిలోపు కోర్టులో ఫిర్యాదుగానీ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్‌గానీ నమోదు కాకపోతే కాలదోషం పడుతుంది. గాలివాన అయ్యే సెక్షన్ 132: విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిపై దౌర్జన్యం. దానికి బెయిలు హక్కుగా రాదు, రెండేళ్ల దాకా శిక్ష ఉంటుంది. లాఠీని లాక్కోవడం, బారికేడ్‌ను కానిస్టేబుల్ మీదికి తోయడం, చొక్కా కాలరు పట్టుకోవడం, ఇవన్నీ అందులోకే వెళతాయి. వ్యాను ఎక్కించేటప్పుడు ఒంటిని బిగించకుండా వదిలేయండి. బరువుగా ఉండండి, అంతే. చేయి విదిలిస్తే అదే వీడియో కోర్టులో మీకు ఎదురవుతుంది.

కొట్టవచ్చా అన్నారు. సురక్షా సంహిత 148వ సెక్షన్ ప్రకారం ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలి, వెళ్లకపోతేనే బలం వాడాలి, అదీ చెదరగొట్టడానికి అవసరమైనంతే. పారిపోతున్నవాణ్ని వెంటాడి కొట్టడం, పడిపోయినవాణ్ని కొట్టడం, వ్యానులో కొట్టడం చెదరగొట్టడం కిందికి రావు. 2011 జూన్ 4 అర్ధరాత్రి రామ్‌లీలా మైదానంలో నిద్రపోతున్నవాళ్ల మీదికి పోలీసులు వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2012లో పోలీసులను తప్పుపట్టింది. నిర్వాహకులదీ కొంత బాధ్యత ఉందని పరిహారంలో పాతిక శాతం వాళ్ల మీద వేసింది. ఆ రెండో సగాన్ని మనవాళ్లు చదవరు.

2000 ఆగస్టు 28న నేను లా విద్యార్థిని. విద్యుత్ చార్జీల పెంపుపై అసెంబ్లీకి వెళుతున్న ఊరేగింపులో బషీర్‌బాగ్ దాకా వెళ్లాను. బాష్పవాయువుకు కళ్లు మూసుకుపోతే ఎవరో నా అరచేతిలో సగం కోసిన ఉల్లిపాయ పెట్టారు. అది వాసన చూస్తే మంట తగ్గుతుందని చెప్పేవాళ్లు. తగ్గలేదు. తర్వాత కాల్పుల శబ్దం వినిపించింది. టపాకాయ అనుకున్నాను. ఆ కాల్పుల్లో ముగ్గురు పోయారు. ఏటా ఆ రోజు బషీర్‌బాగ్‌లో వామపక్షాలు నివాళులర్పిస్తాయి. నాకు గుర్తున్నది మాత్రం రోడ్డు మీద మిగిలిన చెప్పులు. ఒక్క కాలివే ఎక్కువ. అందుకని మీకు సలహా: చెప్పులు వద్దు, కాలికి పట్టే బూట్లు వేసుకోండి, గుంపు మధ్యలో కాకుండా సందులోకి దారి ఉన్నవైపు నిలబడండి. లాఠీ లేస్తే తల మీద రెండు చేతులు పెట్టుకుని పక్కకు రండి. దెబ్బ తగిలితే అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లి ఎలా తగిలిందో చెప్పి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నమోదు చేయించుకోండి. మూడో రోజు చూపించిన గాయాన్ని బండి మీద నుంచి పడ్డారంటారు. స్టేషన్ లోపల జరిగితే సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగండి. స్టేషన్లన్నింటిలో కెమెరాలు ఉండాలని, దృశ్యాలను కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది.

నినాదాలు, పోస్టుల విషయంలో ఎక్కువ చెప్పను. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగానైనా విమర్శించండి, వ్యక్తుల కులం, మతం, ఇంటి ఆడవాళ్ల జోలికి పోకండి. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఒక కవితపై పెట్టిన ఎఫ్ఐఆర్‌ను కొట్టేసింది. మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న ఇలాంటి మాటల కేసుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందే ప్రాథమిక విచారణ చేయడం సముచితమని చెప్పింది. ఆ ధైర్యం మీకు చాలు.

ఇప్పుడు అసలు భయం, ఉద్యోగం. ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో ‘మీపై కేసు ఉందా, ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని అడుగుతారు. కొంప మునిగేది కేసు వల్ల కన్నా, ఉన్నదాన్ని ‘లేదు’ అని రాయడం వల్ల. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి చిన్న నేరమైతే, దాన్ని దాచినా యజమాని మన్నించవచ్చని ఉదాహరణగా ఆ మాటే వాడింది. మన్నించవచ్చు అంది, మన్నించి తీరాలనలేదు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాయండి, ఎఫ్ఐఆర్ నంబరు, కేసు దశ కూడా రాయండి.

దీని పక్కనే ఒక గుంట ఉంది. రెండు మూడేళ్ల తర్వాత మీకు కోర్టు నుంచి సమన్లు వస్తాయి. లోక్ అదాలత్ రోజున ఎవరో ఒకరు, చాలాసార్లు మంచి ఉద్దేశంతోనే, ‘ఒప్పుకుని చిన్న జరిమానా కట్టేయండి, వాయిదాల గోల పోతుంది’ అంటారు. నేరం ఒప్పుకుని జరిమానా కడితే అది శిక్ష పడినట్టే. వాయిదాల బాధ తప్పుతుంది గానీ అటెస్టేషన్ ఫారంలో ఇంకో గడి నిండుతుంది. ఆ సలహా విని కట్టిన ఒక కుర్రాడు నాలుగేళ్ల తర్వాత ఎంపిక జాబితాతో సహా నా ఆఫీసుకు వచ్చాడు. ఆ జరిమానా రసీదు ఇంకా అతని పర్సులోనే ఉంది. అప్పీలు గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసి, ఒప్పుకోలు ఎలా రాయించుకున్నారో తవ్వి తీసేసరికి ఎనిమిది నెలలు పట్టింది. కాబట్టి ఒప్పుకునేముందు ఒక న్యాయవాదికి చూపించండి. ఫీజు లేకపోతే 15100కు ఫోను చేస్తే న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

దరఖాస్తు సోమవారం ఉదయం పదిన్నరకు తీసుకెళ్లండి. ఇద్దరు వెళ్లండి, పది మంది వద్దు. మూడు కాపీలు, ఒక స్టాంపు ప్యాడు తీసుకెళ్లండి. నవ్వకండి, ఆ రోజు ఇంకు ఎండిపోయిందని చెప్పి తిప్పి పంపడం నేను స్వయంగా చూశాను.